పెట్రోలు ఆదాతో లీజు వాయిదా తీరుతుందా?

పేరు రాయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం పంపారు. ఆమె నడుపుతున్న పెట్రోలు కారు వయసు పదకొండేళ్లు. తండ్రి కొనుక్కున్న కారు అది. ఆయన పోయాక ఆమె చేతికి వచ్చింది. మూడేళ్ల క్రితం ఉద్యోగం మారినప్పటి నుంచి రోజూ 38 కిలోమీటర్లు వెళ్లి, మళ్లీ 38 కిలోమీటర్లు తిరిగి వస్తున్నారు. గత ఆరు నెలల్లో కారు రెండుసార్లు దారిలో ఆగిపోయింది. ఒకసారి రేడియేటరు గొట్టం పగిలింది, రెండోసారి క్లచ్ పట్టు వదిలేసింది. రెండోసారి రాత్రివేళ, కూతురు కూడా కారులో ఉంది. ఆ తర్వాత మెకానిక్ ఇచ్చిన మరమ్మతుల జాబితాలో క్లచ్, ముందు షాక్ అబ్సార్బర్లు, టైమింగ్ బెల్ట్, నాలుగు టైర్లు ఉన్నాయి.

భర్త ఒక కొత్త కారును 36 నెలల లీజుకు తీసుకుందామని పత్రం తెచ్చారు. ఏడాదికి 15,000 కిలోమీటర్ల హద్దు, సర్వీసింగ్ ఖర్చు మనదే, మొదట మూడు వాయిదాల సొమ్ము కట్టాలి. "లీటరుకు 20 ఇస్తుంది, పెట్రోలు ఆదాలోనే వాయిదా తీరిపోతుంది" అన్నది ఆయన వాదన. లీజంటే ఊరికే అద్దె కట్టడమేనని, అప్పు చేసైనా పెట్రోలు ఇంజిన్‌కు తోడు బ్యాటరీ మోటారు ఉండే హైబ్రిడ్ కారు సొంతంగా కొనమని తమ్ముడు అంటున్నారు. ఇవన్నీ పోగా, వచ్చే ఏడాది నుంచి వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేయనిస్తామని ఆఫీసులో అంటున్నారు కానీ ఇంకా ఖాయం చేయలేదు. "ఏ నిర్ణయమూ తీసుకోలేనిదాన్నన్న పేరు ఇంట్లో వచ్చేసింది. నాన్నగారి కారు మీద మమకారంతో అడ్డుపడుతున్నానని మా వారు అనుకుంటున్నారు. అది కొంత నిజమేనేమో కూడా నాకు తెలియడం లేదు" అని ముగించారు.

సమాధానం:

మీరు ఉత్తరంతో పాటు జతచేసిన రెండు సర్వీసు బిల్లులను ముందు పక్కపక్కన పెట్టి చూశాను. మొదటిదాని మీద మెకానిక్ రాసిన మీటరు అంకె 1,36,210. సరిగ్గా పదకొండు నెలల తర్వాతి బిల్లు మీద 1,56,480. తేడా 20,270 కిలోమీటర్లు. అంటే మీరు ఏడాదికి 22,000 కిలోమీటర్ల పైచిలుకు తిరుగుతున్నారు. ఆఫీసు దారి లెక్క కట్టినా ఇంచుమించు అదే తేలుతుంది: రోజుకు 76, నెలకు 22 రోజులు, సెలవులు పోను పదకొండు నెలలకు 18,392, మిగతా తిరుగుడు మరో మూడున్నర వేలు. మీవారు తెచ్చిన పత్రంలో హద్దు 15,000. మూడు పేజీల ఉత్తరంలో ఈ రెండు అంకెలను మీరు ఎక్కడా పక్కపక్కన పెట్టలేదు, మీవారూ పెట్టినట్టు లేదు. మీ ఇంట్లో వాదన తెగకపోవడానికి నాకు కనిపించిన మొదటి కారణం ఇదే.

లీజు వాయిదా ఎలా పుడుతుందో ఒకసారి చూద్దాం, అప్పుడు ఆ హద్దు ఎందుకు అంత ముఖ్యమో తెలుస్తుంది. కారు ధర 100 అనుకోండి. మూడేళ్లకు దాని విలువ 55 మిగులుతుందని లీజు సంస్థ ముందే అంచనా కడుతుంది. మధ్యలో తరిగే 45ను మీరు 36 నెలల్లో భరించాలి, అంటే నెలకు 1.25. దీనికి వడ్డీ తోడవుతుంది. మీ పత్రంలో అది శాతంగా లేదు, 0.0025 అన్న చిన్న దశాంశంగా ఉంది. అలా రాసినప్పుడు 2400తో గుణిస్తే ఏడాది వడ్డీ శాతం వస్తుంది, మీ విషయంలో 6. ధరనూ మిగులు విలువనూ కలిపిన 155ను 0.0025తో గుణిస్తే నెలకు 0.39. మొత్తం నెలకు 1.64, మూడేళ్లకు 59. తరుగుదలే ఇందులో పెద్ద పద్దు, అది కారు ఎంత తిరిగిందన్నదాని మీద ఆధారపడుతుంది. కాబట్టి కిలోమీటర్ల హద్దు తక్కువ పెట్టి, మిగులు విలువ ఎక్కువ చూపితే వాయిదా కంటికి చిన్నగా కనిపిస్తుంది. ఎవరూ మోసం చేయనక్కరలేదు. తక్కువ తిరిగేవారి కోసం కట్టిన వాయిదాను ఎక్కువ తిరిగే మీ ముందు పెట్టారు, అంతే.

హద్దు దాటిన ప్రతి కిలోమీటరుకూ కట్టాల్సిన రుసుము మీ పత్రం నాలుగో పేజీలో ఉంది. మీరు రాసిన పెట్రోలు ధరతో పోల్చి చూస్తే అది లీటరు ధరలో పదో వంతు. ఏడాదికి 7,000 చొప్పున మూడేళ్లకు 21,000 కిలోమీటర్లు అదనం, అంటే 2,100 లీటర్ల పెట్రోలు ఖరీదు. ఇదంతా నెలనెలా తెలియకుండా, కారు తిరిగి అప్పగించే రోజున ఒకేసారి మీద పడుతుంది.

ఇక్కడి నుంచి అన్ని ఖర్చులనూ లీటర్లలోనే చెబుతాను. మీవారి వాదన పెట్రోలు గురించి కనుక, అన్నిటినీ ఒకే కొలతలోకి మార్చకపోతే అది నిలుస్తుందో లేదో తేలదు. నెల వాయిదాను మీరు రాసిన పెట్రోలు ధరతో భాగిస్తే 240 లీటర్లు వచ్చింది. ఇప్పుడు ఆదా ఎంతో చూద్దాం. మీ పాత కారు లీటరుకు 12 ఇస్తోందని రాశారు, 22,000 కిలోమీటర్లకు 1,833 లీటర్లు. కొత్త కారు నిజంగా 17 ఇస్తుందనుకుంటే 1,294 లీటర్లు. ఏడాదికి 539 లీటర్ల ఆదా, నెలకు 45. వాయిదా 240, ఆదా 45. అయిదో వంతు కూడా తీరదు. పైగా హద్దు దాటినందుకు కట్టే 2,100 లీటర్లను 36 నెలలకు పంచితే నెలకు 58. ఆదా అయినదానికన్నా అదే ఎక్కువ.

కంపెనీ పుస్తకంలో 20 అని ఉండగా 17 ఎందుకు వేశానని మీవారు అడగవచ్చు. ఆ అంకెలు ప్రయోగశాలలో రోలర్ల మీద కారును నడిపి తీసేవి. యూరప్‌లో 2017 నుంచి అమల్లోకి వచ్చిన పరీక్ష అంతకు ముందున్నదానికన్నా చాలా కఠినమే. అయినా అది 23 డిగ్రీల వాతావరణంలో అరగంట పాటు, దాదాపు 23 కిలోమీటర్లు సాగే పరుగు, ఏసీ వేయరు. మీరు ఏసీ వేసుకుని, ట్రాఫిక్‌లో ఆగుతూ వెళతారు. ఆ అంకె కార్లను ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి పనికొస్తుంది, ఇంటి లెక్క వేసుకోవడానికి పనికిరాదు. మీ పాత కారు ఇచ్చే 12 మాట కూడా తేల్చుకోండి. ట్యాంకు నిండా పట్టించి, పంపు దానంతట అది ఆగిన చోట ఆపి, మీటరు అంకె రాసుకోండి. మళ్లీ అదే బంకులో అలాగే నింపి, పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించండి. ఒక్కసారి చేస్తే పొరపాటు రావచ్చు, మూడు ట్యాంకుల సగటు తీయండి. టైర్లలో గాలి చూసుకున్నాకే మొదలుపెట్టండి, ఎందుకంటే టైర్లలో గాలి తక్కువుంటే 12 అన్నది కారు తప్పు కాకపోవచ్చు.

తమ్ముడు చెప్పిన హైబ్రిడ్ సంగతి. లీటరుకు 12 ఇచ్చే కారు నుంచి 17 ఇచ్చేదానికి మారడం, 17 ఇచ్చేదాని నుంచి 22 ఇచ్చేదానికి మారడం, రెండూ అయిదు కిలోమీటర్ల మెరుగుదలే కనుక ఆదా కూడా సమానమని అందరికీ అనిపిస్తుంది. మొదటిదానిలో ఏడాదికి 539 లీటర్లు మిగిలితే, రెండోదానిలో 294 మాత్రమే మిగులుతాయి. డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసం ఈ భ్రమ గురించే. 100 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని లెక్కపెడితే ఆ భ్రమ పోతుంది: 8.3, 5.9, 4.5. హైబ్రిడ్ కోసం అదనంగా పెట్టే ధరను ఏడాదికి 294 లీటర్లతో భాగించి, ఎన్నేళ్లకు తిరిగి వస్తుందో తమ్ముడినే చెప్పమనండి. ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో హైబ్రిడ్‌కు మేలు ఎక్కువ, బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిలో కొంత బ్యాటరీలోకి వెనక్కి వస్తుంది కనుక; మీ 38 కిలోమీటర్లలో ఎక్కువ భాగం ఖాళీ రహదారైతే ఆ మేలు తగ్గుతుంది.

నిర్వహణ విషయంలో లీజు కారు గురించి ఒక అపోహ ఉంది. కారు మనది కాదు కాబట్టి బాగోగులూ మనవి కావని. మీ పత్రంలో సర్వీసింగ్ మీదే, అదీ వారు చెప్పిన చోట, చెప్పిన గడువులో చేయించి ముద్ర వేయించుకోవాలి. ఒక్కటి తప్పినా అప్పగించే రోజున లెక్కలోకి వస్తుంది. మూడేళ్లలో మీరు 66,000 కిలోమీటర్లు తిరుగుతారు. ఆ లోపు ఒక జత టైర్లు మార్చడం దాదాపు ఖాయం, బ్రేకు ప్యాడ్లూ మార్చవలసి రావచ్చు. రెండో జత టైర్లు ఎవరి వాడకానికి మిగులుతాయో ఆలోచించండి. మీరు కొని, సగం అరగదీసి, వారికి అప్పగించి వస్తారు. వారంటీ కూడా ఏళ్లకూ కిలోమీటర్లకూ కలిపి ఇస్తారు, ఏది ముందైతే అది. హద్దు 60,000 అయితే చివరి మూడు నెలలకు పైగా మీ చేతి చమురు వదిలించుకుంటూ మరమ్మతులు చేయించాల్సిందే.

మొదట కట్టే మూడు వాయిదాల గురించి కూడా ఒక మాట. ఎక్కువ కట్టి నెలసరి తగ్గించుకుందామని చాలామందికి ఉంటుంది. కారు దొంగతనానికి గురైనా, ప్రమాదంలో పూర్తిగా పాడైనా బీమా సొమ్ము ముందు వెళ్లేది కారు యజమానికి, అంటే లీజు సంస్థకు. మీరు ముందు కట్టినది సాధారణంగా వెనక్కి రాదు. బీమా వారు ఇచ్చే విలువకూ లీజులో మిగిలిన బాకీకీ మధ్య ఉండే తేడాను ఎవరు భరిస్తారో మీ పత్రంలో నాకు కనిపించలేదు. అది రాతపూర్వకంగా అడగండి.

ఇప్పుడు పాత కారు. ఇక్కడ మీవారి పక్షాన కొంత మాట్లాడాలి. రాత్రివేళ బిడ్డతో రోడ్డు పక్కన నిలబడ్డ భయానికి లీటర్లలో విలువ కట్టలేం. లీజు పత్రం తేవడం వెనక ఉన్నది పెట్రోలు కాకపోవచ్చు, ఆ రాత్రే కావచ్చు. అయితే కారు ఎందుకు ఆగిందన్నది చూడాలి. రబ్బరు గొట్టం పగలడం, క్లచ్ అరిగిపోవడం, రెండూ వయసుతో వచ్చేవి, మారిస్తే తీరేవి. ఒక్క అనుమానం మాత్రం తేల్చుకోకుండా ఈ కారు మీద రూపాయి పెట్టవద్దు: గొట్టం పగిలినప్పుడు ఇంజిన్ వేడెక్కిన స్థితిలో ఎంత దూరం నడిపారు? ఆ తర్వాత కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతూ ఉంటే, ఆయిలు మూత లోపలివైపు పాల మీగడ లాంటి జిడ్డు కనిపిస్తే, సైలెన్సర్ నుంచి ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లటి పొగ వస్తూ ఉంటే, ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ అనే సీలు దెబ్బతిని ఉండవచ్చు. అప్పుడు ఖర్చు తడిసి మోపెడవుతుంది, నా సలహా కూడా మారుతుంది. మీ మెకానిక్ కాకుండా ఈ మరమ్మతు పని తనకు దక్కని ఇంకొకరి చేత చూపించండి. కారు అడుగుభాగంలో, ముఖ్యంగా సస్పెన్షన్ బిగించే చోట్ల, లోతుగా తుప్పు పట్టి ఉన్నా అంతే.

ఈ రెండూ లేవనుకుంటే, మెకానిక్ జాబితాలో టైర్లు, షాక్ అబ్సార్బర్లు ప్రాణానికి సంబంధించినవి, వాయిదా వేయకూడదు. టైమింగ్ బెల్ట్ ఇంజిన్ ప్రాణానికి సంబంధించినది. చాలా ఇంజిన్లలో అది తెగిన క్షణంలో పిస్టన్లు వాల్వులను గుద్దుకుంటాయి, ఆ తర్వాత ఇంజిన్ బాగు చేయించడం కన్నా కారు వదులుకోవడమే నయం. క్లచ్ లేకుండా కారు ఎలాగూ కదలదు. కాబట్టి మీ జాబితాలో తీసేయదగినది ఏదీ లేదు. మొత్తం అంచనా అయిదు వాయిదాలకు సమానమని రాశారు, అంటే 1,200 లీటర్లు.

ఏడాది లెక్క ఇలా వస్తుంది. పాత కారు మీద పెట్రోలు 1,833, మరమ్మతులు 1,200, మొత్తం 3,033 లీటర్లు. మీవారు తెచ్చిన లీజు ప్రకారం వాయిదాలు 2,880, పెట్రోలు 1,294, హద్దు దాటిన రుసుము 700, మొత్తం 4,874. మొదట కట్టే మూడు వాయిదాల సొమ్మును, సర్వీసింగునూ బీమానూ ఇందులో కలపలేదు. కలిపితే తేడా తగ్గదు, కొత్త కారు బీమా సాధారణంగా ఎక్కువే. పాత కారుకు ఇది చెడ్డ సంవత్సరం, ఈ మరమ్మతులన్నీ వచ్చే ఏడాది మళ్లీ రావు, వేరేవి రావచ్చు.

లీజే కావాలనుకుంటే అసలైన కిలోమీటర్లు చెప్పి కొత్త పత్రం అడగండి. ఏడాదికి 22,000 అంటే మిగులు విలువ 55 నుంచి 50కి తగ్గిందనుకుందాం. నేను పైన వేసిన పద్ధతిలోనే వాయిదా 258 లీటర్ల దగ్గర తేలుతుంది. నెలకు 18 లీటర్లు పెరిగింది, కానీ 58 లీటర్ల రుసుము పోయింది. వారు నిజంగా చెప్పే అంకె వేరే ఉండవచ్చు, అయినా ముందుగా కొనుక్కున్న కిలోమీటరు సాధారణంగా చివర్లో కట్టే కిలోమీటరు కన్నా చవక. అప్పుడు ఏడాదికి దాదాపు 4,390 లీటర్లు. పాత కారుకన్నా 1,360 ఎక్కువ. దారిలో ఆగిపోదన్న ధైర్యానికి, కొత్త కారులోని మెరుగైన భద్రతకు మీరు కట్టే ధర ఇది. అది ఎక్కువా తక్కువా అన్నది నేను చెప్పేది కాదు. మీరిద్దరూ కూర్చుని ఈ ఒక్క అంకె మీద మాట్లాడుకుంటే, ఇప్పటిదాకా మాట్లాడుకున్నదానికన్నా నిజాయితీగా ఉంటుంది.

కానీ ఆఫీసు సంగతి ఉంది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచే అయితే నెలకు 13 రోజుల ప్రయాణం, ఏడాదికి 10,868. మిగతా తిరుగుడు కలిపితే దాదాపు 14,500. అప్పుడు మీవారు తెచ్చిన 15,000 హద్దే సరిపోతుంది, కాస్త బొటాబొటిగా. 22,000కు ఒప్పందం చేసుకుని 14,500 తిరిగితే వాడుకోని కిలోమీటర్ల డబ్బు చాలా ఒప్పందాల్లో తిరిగి రాదు. 15,000కు చేసుకుని ఆఫీసు మాట మార్చితే పైన చెప్పిన రుసుము. మధ్యలో రద్దు చేసుకుందామంటే మిగిలిన వాయిదాల్లో పెద్ద భాగం కట్టమంటారు. ఏ వైపు చూసినా, ఎన్ని కిలోమీటర్లో తెలియనివాళ్లకు మూడేళ్ల లీజు ఖరీదైన బేరం. ఆఫీసు నిర్ణయం రాకముందు సంతకం పెట్టడానికి ఇష్టపడని మీరు నిర్ణయం తీసుకోలేనివారు కారు. మీకు తెలిసిందో లేదో గానీ, సరైన చోటే ఆగారు.

నా మొగ్గు ఎటో దాచను. ఇంజిన్, తుప్పు పరీక్షల్లో కారు నిలబడితే జాబితా మొత్తం చేయించి, పాత గొట్టాలూ బెల్టులన్నీ ఒకేసారి మార్పించి, ఆఫీసు నిర్ణయం వచ్చేదాకా ఏడాది నడపవచ్చు. దీనిలో ఉన్న ఇబ్బందీ తెలుసుకోండి: ఏడాది తర్వాత అమ్మితే ఇప్పుడు పెట్టిన మరమ్మతు డబ్బు ధరలో తిరిగి రాదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టే ఉంటుంది పాత కార్ల బేరం. పరీక్షలో నిలబడకపోతే పరిస్థితి వేరు, ఏడాది ఆగే వీలు ఉండదు. అప్పుడు మూడేళ్ల లీజుకు బదులు, లీజు ముగిసి అమ్మకానికి వచ్చిన మూడేళ్ల కారు ఒకటి వెతకండి. దాని తరుగుదలలో పెద్ద భాగాన్ని మొదటివారు భరించి ఉంటారు, కిలోమీటర్ల హద్దు ఉండదు, సర్వీసు ముద్రలన్నీ పుస్తకంలో ఉంటాయి. వారంటీ ముగిసో, ముగియబోతూనో ఉంటుంది, అది చూసుకోవాలి. తమ్ముడు చెప్పినట్టు కొత్తది సొంతంగా కొనడం కూడా తప్పు కాదు, ఒక్క షరతు మీద: అప్పు తీరాక కూడా మరో అయిదారేళ్లు అదే కారు నడపగలగాలి. సొంత కారు లాభమంతా వాయిదాలు లేని ఆ ఏళ్లలోనే ఉంది. నాలుగేళ్లకోసారి మార్చే అలవాటుంటే లీజుకూ దానికీ పెద్ద తేడా మిగలదు.

మమకారం గురించి మీరు చివర్లో రాసిన వాక్యం. ఉంది, ఉండనివ్వండి. పై లెక్కలో దానికి ఒక్క లీటరు కూడా వేయలేదు. అయినా పాత కారు ఏడాది పాటు నిలబడగలుగుతోంది. అందుచేత మీవారితో మాట్లాడేటప్పుడు నాన్నగారి పేరు ఎత్తకుండానే మాట్లాడవచ్చు. రెండు సర్వీసు బిల్లులు, లీజు పత్రం నాలుగో పేజీ బల్ల మీద పెట్టండి. ఆ రాత్రి గురించి మాత్రం ఆయన్ని అడగండి, మరమ్మతు అయ్యాక కూడా ఆ కారులో పాపను రాత్రి ఎక్కించడానికి ఆయన మనసు ఒప్పకపోతే, ఆ 1,360 లీటర్ల సంగతి అప్పుడు మాట్లాడుకుందురు గాని.